"ఈ రోజు పడవ కదలదు" అనే మాట ఎవరిది?



కార్తీకం దగ్గర పడుతోంది. కురుగడ్డ దత్తక్షేత్రానికి బస్సు వేద్దామన్న మాట వచ్చిన దగ్గర్నుంచి మన గ్రూపులో రెండు ప్రశ్నలు తిరుగుతున్నాయి. ఈసారి పుట్టి వద్దు, హాయిగా మోటారు బోటు మాట్లాడుకుందాం అని కొందరు. పది నిమిషాల నీటికి లైఫ్ జాకెట్లు అద్దెకు తెచ్చి మోయడం ఎందుకండీ అని ఇంకొందరు. రెండింటికీ రెండు ముక్కల్లో జవాబు చెప్పేయొచ్చు. కానీ మనం ఉంటున్నది కృష్ణకీ తుంగభద్రకీ మధ్య. ఈ నీళ్ల మీద ఐదొందల ఏళ్లుగా జరిగింది ఒకసారి చెప్పుకుంటే, జవాబు మీకు మీరే చెప్పుకుంటారని మా నమ్మకం. పోస్టు కాస్త పొడుగు. తీరిగ్గా చదవండి.

రాయచూరు యుద్ధం అనగానే మనకు కోట, ఫిరంగులు, కృష్ణదేవరాయలు గుర్తొస్తారు. పడవలు గుర్తురావు. 1520లో రాయలు రాయచూరు కోటను ముట్టడిస్తే, విడిపించడానికి బిజాపూరు నుంచి ఇస్మాయిల్ ఆదిల్ షా కృష్ణ ఒడ్డుకు వచ్చాడు. తర్వాతి కాలంలో బిజాపూరు దర్బారులోనే కూర్చుని చరిత్ర రాసిన ఫెరిష్తా ఏమంటాడంటే, నది దాటడానికి తెప్పలు ఇంకా సరిపడా తయారు కాలేదు. సుల్తాను మద్యం పుచ్చుకుని ఉన్నాడు. ఉన్నట్టుండి దాటేయాలన్న ఊపు వచ్చింది. విహారానికి వెళ్తున్నట్టుగా ఏనుగెక్కి ఒడ్డుకు వెళ్లి, ఉన్న తెప్పల మీదే ఎక్కినంతమంది ఎక్కండని సైన్యానికి చెప్పి, తాను నీళ్లలోకి దిగాడు. తమ ప్రభువుల పూర్వీకుడి తాగుడు గురించి కొలువులో ఉన్నవాడు అంత బాహాటంగా రాయడం విశేషమే. పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ కథనం వివరాల్లో వేరుగా ఉంటుంది. అయితే చివరికి ఇద్దరూ ఒకే చోటికి వస్తారు. ఓడిన సైన్యం వెనక్కి కృష్ణ దాకా తరుముకొచ్చింది, కత్తికి దొరకనివాళ్లను ఏరు తీసుకుంది.

తెప్పలు చాలవని తెలిసినవాళ్లు ఆ ఒడ్డున లేరనుకోలేం. కట్టినవాళ్లకు తెలియదా? వాళ్ల మాట చెల్లలేదు, అంతే. ఈ పోస్టులో మిగతాదంతా ఆ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది. పడవ ఈ రోజు కదలదు అని చెప్పే హక్కు ఎవరిది, ఆ హక్కు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయింది అన్నది.

అదే కాలంలో విజయనగరం చూసిన డొమింగో పేస్ ఆనెగొంది రేవులో మనుషుల్ని దాటించే గుండ్రటి బుట్టల గురించి రాశాడు. లోపల బెత్తపు అల్లిక, బయట తోలు, పదిహేను ఇరవై మంది పడతారట. తిరుగుతూ తిరుగుతూ పోతాయట. మనం పుట్టి అంటాం, కన్నడంలో హరిగోలు. తోలు పోయి ప్లాస్టిక్ పట్టా వచ్చింది, తారు పూత వచ్చింది. ఆకారం మాత్రం అదే. 1803లో మరాఠాల మీదికి పోతూ ఆర్థర్ వెల్లెస్లీ, అదే తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్, మన నదుల దగ్గరకొచ్చి ఈ బుట్ట పడవలనే తన సైన్యానికి చేయించుకున్నాడు. అడుగు చదును, మునిగేది కొద్దిగా, రాయి తగిలినా పక్కకు జారుతుంది. రాళ్లతో నిండిన మన ఏటికి అంతకంటే తగిన పడవ ఇంకోటి లేదు.

దాని బలహీనతా అక్కడే ఉంది. పుట్టికి ముందూ వెనకా లేవు. ప్రవాహం గట్టిపడితే తెడ్డుకు లొంగదు. అందుకే పుట్టి వేసేవాడి విద్యలో సగం తెడ్డు వేయడం, మిగతా సగం ఎప్పుడు వేయకూడదో తెలియడం. నీటి రంగు మారిందా, నురగ వస్తోందా, నిన్న కనబడిన బండ ఇవాళ కనబడుతోందా అని చూసేవాడు. అంచుకీ నీటికీ మధ్య జానెడు మిగలకపోతే ఒకరిని దింపేసేవాడు. కన్నడ సీమలో అంబిగ కులానికి ఉన్న గౌరవం ఊరికే వచ్చింది కాదు. పన్నెండో శతాబ్దపు వచనకారుల్లో అంబిగర చౌడయ్య పడవ నడిపినవాడే, ఎవర్నీ లెక్కచేయని మాటకారి. మన తెలుగు వైపు బెస్తలూ అంతే. రేవులో రెడ్డిగారైనా కరణంగారైనా వాళ్లు ఆగమంటే ఆగాల్సిందే.

మన క్యాంపుల పెద్దలు వచ్చింది ఇంకో రకం నీటి లోకం నుంచి. తుంగభద్ర డ్యాం 1953లో పూర్తై ఎడమ కాలవ పారడం మొదలయ్యాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి సింధనూరు, మాన్వి, గంగావతి వైపు వచ్చిన కుటుంబాలు మనవి. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు కట్టాక డెల్టా కాలవలు ఒక్క సాగుకే కాదు, రాకపోకలకీ పనికొచ్చాయి. లాకులు, పడవలు, తర్వాత లాంచీలు. ఆ కాలవల్లో తిరిగే పడవలకు, రేవుల్లో బల్లకట్లకు లైసెన్సు పద్ధతి పెడుతూ మద్రాసు ప్రభుత్వం 1890లోనే కాలవలు, రేవుల చట్టం తెచ్చింది. అంటే మన తాతలకు పడవ ఎక్కడం తెలుసు, ఎక్కే ముందు దానికి సర్కారు కాగితం ఉండాలనీ తెలుసు. ఇక్కడికొచ్చాక మన కాలవలో పడవ తిరగదు, నీళ్లు పొలానికే. రెండు తరాల్లో ఆ అలవాటు పోయింది.

వంతెనలు మిగతా పని చేశాయి. 1871లో రాయచూరు దగ్గర బొంబాయి రైలు, మద్రాసు రైలు కలిశాయి. నిజాం హయాంలో దేవసుగూరు దగ్గర కృష్ణ మీద సిరాతె జూడీ వంతెన లేచింది. ఇప్పటికీ హైదరాబాదు పోయేటప్పుడు మనం దాటే ఏరు అదే. వంతెన వచ్చాక నదిని బస్సు కిటికీలోంచి చూసేవాళ్లం అయ్యాం. పడవలో ఎక్కడ కూర్చోవాలో, ఎందుకు లేచి నిలబడకూడదో మనకు ఎవరూ నేర్పలేదు. మన పిల్లలకు పడవ అంటే సెలవు రోజు, ఫొటో.

వంతెన రానివాళ్లు మాత్రం పుట్టిలోనే ఉన్నారు. లింగసుగూరు తాలూకాలో కరకలగడ్డి, మ్యాదరగడ్డి, రాయచూరు తాలూకాలో కుర్వకల, కుర్వఖుర్ద లాంటి కృష్ణ లంకల వాళ్లకు బడి, ఆసుపత్రి, కిరాణా అన్నీ ఏటికి అవతలే. 2020 ఆగస్టు 17న పంచదేవ్‌పహాడ్ వైపు సరుకులకు వెళ్లి వస్తున్న కుర్వకల వాళ్ల పుట్టి వరదలో తిరగబడింది. 13 మంది ఉన్నారు. 9 మంది బయటపడ్డారు. నలుగురు, ఆడవాళ్లూ పిల్లలూ, కొట్టుకుపోయారు. మనం మొక్కు తీర్చుకోవడానికి పోయే నీళ్లు అవే. వాళ్లకు వేరే దారి లేదు. మనకు ఇంకో రోజు వెళ్లే వీలుంది. ఈ తేడా కాస్త మనసులో పెట్టుకోండి.

ఇప్పుడు ఇంజిన్ సంగతి.

మన దేశంలో నదుల మీద పడవల చట్టం ఆవిరితో మొదలైంది. 1884లో ఒకటి, దాని స్థానంలో 1917లో లోతట్టు ఆవిరి నౌకల చట్టం. పడవను ఏటా తనిఖీ చేయాలి, నడిపేవాడికి పరీక్ష పెట్టి పత్రం ఇవ్వాలి, ప్రమాదం జరిగితే విచారణ జరపాలి. ఆలోచన బాగానే ఉంది. ఆవిరి పోయి డీజిలు వచ్చినా అదే చట్టం లాక్కొచ్చారు. 1977లో పేరులోంచి ఆవిరి తీసేసి, యంత్రంతో నడిచేవన్నీ అన్నారు. అలా శతాబ్దం దాటింది. ఈలోగా పడవ ఎక్కే కారణమే మారిపోయింది. ఊరికి పోవడానికి ఎక్కేవాళ్లు తగ్గి, సరదాకి ఎక్కేవాళ్లు పెరిగారు. సరదా పడవలో తొందర ఎక్కువ. బుకింగు ముందే అయి ఉంటుంది, భోజనాలు చెప్పి ఉంటారు, సాయంత్రం రైలు ఉంటుంది. నడిపేవాడు జీతగాడు. ఏరు చూసి ఆగుదామనే మాట అతని నోట్లోనే ఉండిపోతుంది, కదలమనేది టికెట్లు అమ్మినవాడు.

ఇంజిన్ తెచ్చే ధీమా ఒకటి ఉంది. పడవకు బలం వచ్చింది కనుక ఏరు చిన్నదైపోయిందని అనిపిస్తుంది. ఇంజిన్ ఇచ్చేది వేగం. నిలకడ ఇచ్చేది పడవ అడుగు, బరువు ఎక్కడుందన్నది. పైన ఇంకో అంతస్తు వేసి కుర్చీలూ పాటల పెట్టెలూ పెడితే బరువు పైకి పోతుంది. కొండ కనబడగానే అందరూ ఒకే వైపుకి వస్తే పడవ ఒరుగుతుంది, కాస్త నీళ్లెక్కితే ఆ నీళ్లూ ఒరిగిన వైపుకే పరుగెత్తుతాయి. సుడిలో ఇంజిన్ ఆగితే పడవ ప్రవాహానికి అడ్డం తిరుగుతుంది. ఆ తర్వాత మిగిలేవి నిమిషాలు కూడా కాదు.

ఇది మన వాళ్లకు ఎలా జరిగిందో మూడేళ్ల చరిత్ర చాలు. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. విజయవాడ దగ్గర పవిత్ర సంగమానికి హారతి చూడ్డానికి ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లు ఎక్కిన ప్రైవేటు బోటు కృష్ణలో తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. ఆ బోటుకు అనుమతి లేదు, అందరికీ జాకెట్లు లేవు. చిత్రమేమిటంటే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పడవల భద్రత మీద మార్గదర్శకాలు ప్రచురించింది ఆ ఏడాదే. 2018 మేలో గోదావరిలో ఈదురుగాలికి లాంచీ మునిగింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు. పాపికొండలు చూడ్డానికి గోదావరి నిండు వరదలో ఉండగా బయల్దేరిన రాయల్ వశిష్ఠ. 77 మందిలో బతికినవాళ్లు 26 మంది. వాళ్లలో చాలామందిని కాపాడింది ఒడ్డునున్న గిరిజన గ్రామస్థులు, తమ నాటు పడవలతో. జాకెట్లు వేసుకోనివాళ్లు, తీసేసినవాళ్లు ఉన్నారని బయటపడ్డవాళ్లే చెప్పారు. బోటును కాకినాడ ధర్మాడి సత్యంగారి బృందం పైకి తీసింది అక్టోబరు 22న. ముప్పై ఎనిమిది రోజులు. 1964లోనూ ఆ కచ్చులూరు మలుపులోనే ఉదయభాస్కర్ లాంచీ మునిగిందని పత్రికలు అప్పుడు గుర్తుచేశాయి. ఏటికి ఆ గుణం కొత్తగా రాలేదన్నమాట.

కచ్చులూరు తర్వాత ఎవరు ఆపాల్సింది అని వెతికితే పోలీసు, టూరిజం, పోర్టు, జలవనరులు, అందరి పేర్లూ వచ్చాయి. నలుగురి బాధ్యత అంటే ఎవరిదీ కాదని మన ఇళ్లల్లో పెళ్లిపనులు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఆంధ్ర ప్రభుత్వం నదుల మీద తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టాలని నిర్ణయించింది. నీటిమట్టం, వాతావరణం చూసి బోటును వదలాలా ఆపాలా అన్నది అక్కడ తేలాలని. అంటే ఒకప్పుడు బెస్తవాడి కళ్లలో ఉన్నదాన్ని ఒక గది కట్టి అందులో పెట్టడానికి ప్రయత్నం.

ఇదంతా ఆంధ్రా కథ, మనకేంటి అనుకోకండి. అదే 2019 జనవరి 21న మన కర్ణాటకలోనే, కార్వారు దగ్గర కూర్మగడ దీవిలో నరసింహస్వామి జాతరకు వెళ్లి వస్తున్న పడవ సముద్రంలో తిరగబడి 16 మంది చనిపోయారు. ఎక్కించాల్సినవాళ్ల కంటే ఎక్కువమందిని ఎక్కించారు. అది కూర్మగడ, మనది కురుగడ్డ. పేర్లు కలిశాయి, పోయే కారణమూ కలిసింది. దీవి, దేవుడు, మళ్లీ ఏడాది దాకా దొరకని రోజు.

ఎక్కువ ఎక్కించడం అనే జబ్బు మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో పందొమ్మిదో శతాబ్దంలో ఓడల యజమానులు సరుకు కుక్కి పంపేవారు, మునిగితే బీమా వచ్చేది. శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు పోరాడి 1876లో చట్టం తెచ్చాడు. ఓడ పక్కన ఒక గీత గీయాలి, ఆ గీత నీళ్లలో మునిగేంత బరువు వేయకూడదు. తమాషా ఏమిటంటే గీత గీయమన్నారు గానీ ఎక్కడ గీయాలో యజమానికే వదిలేశారు. ఒకాయన పొగగొట్టం మీద గీయించాడని కథ. 1890లో గానీ గీత స్థానం ప్రభుత్వం చేతికి రాలేదు. మన పుట్టివాడి జానెడు అంచు కూడా ప్లిమ్‌సాల్ గీతే. దాన్ని పొగగొట్టం మీదికి జరపడం మాత్రం మనలాంటి ప్రయాణికులు తేలిగ్గా చేసేస్తాం. "ఇంకొక్కరేగా, పిల్లాడేగా, ఒళ్లో కూర్చోబెట్టుకుంటా" అంటాం చూడండి, అదీ సంగతి.

ఇప్పుడు చట్టం ఎక్కడుంది? 1917 చట్టం పోయి లోతట్టు నౌకల చట్టం 2021లో వచ్చింది, 2022 జూన్ 7 నుంచి అమల్లో ఉంది. యంత్రంతో నడిచే పడవకు రిజిస్ట్రేషన్, సర్వే పత్రం, నడిపేవాళ్లకు అర్హత పత్రం, బీమా, ప్రాణరక్షణ సామగ్రి ఉండాలి. ఒక రాష్ట్రంలో తీసుకున్న పత్రం దేశమంతా చెల్లుతుంది. ఏటి మధ్యలో రాష్ట్రం మారిపోయే మన కృష్ణకు ఇది పనికొచ్చే మాట. ఒక ఒడ్డు నారాయణపేట జిల్లా, ఇంకో ఒడ్డు రాయచూరు. పుట్టి లాంటి యంత్రం లేనివాటినీ ఈ చట్టం వదిలేయలేదు. వాటిని నమోదు చేసే పని స్థానిక సంస్థల దాకా తేవచ్చంది. అంటే మన పంచాయతీలు అడిగితే జరిగే పని. మన క్యాంపుల నుంచి పంచాయతీ సభ్యులైనవాళ్లు ఈ పోస్టు చదువుతున్నారని మాకు తెలుసు.

కాగితం సంగతి కొంచెం నవ్వొస్తుంది కూడా. 2016 చట్టం ప్రకారం ఇటు కృష్ణ, అటు తుంగభద్ర రెండూ జాతీయ జలమార్గాల జాబితాలో ఉన్నాయి. రెండు జాతీయ జలమార్గాల మధ్య కూర్చున్నాం మనం. రాష్ట్రంలో రేవులు, లోతట్టు జలరవాణా చూసే శాఖకు కేంద్ర స్థానం కార్వారు, అరేబియా సముద్రం ఒడ్డున. ఇక్కడ ఏటి ఒడ్డున నిలబడి ఈ బోటుకు సర్వే అయిందా అని అడిగితే, జవాబు చెప్పేవాడు రాష్ట్రానికి ఆ చివరన ఉన్నాడు. అందుకే ప్రయాణికుడు అడగడం తప్ప దగ్గర్లో దారి లేదు.

ఇంకొకటి మన నీళ్ల ప్రత్యేకత. కురుగడ్డకు ఎగువన నారాయణపుర డ్యాం, దిగువన జూరాల. ఇక్కడ వాన చుక్క లేకపోయినా, ఎండ కాస్తున్నా, పైన గేట్లు ఎత్తితే ఏరు పెరుగుతుంది. ఆకాశం చూసి బయల్దేరడం గోదావరి మీదే చాలలేదు, కృష్ణ మీద అసలు చాలదు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర మంత్రాలయాన్నీ, కర్నూలునీ ముంచినప్పుడు, నీళ్లు ఎంత తొందరగా వస్తాయో మనలో చాలామంది కళ్లారా చూశాం.

కనుక గ్రూపులో అడిగిన రెండు ప్రశ్నలకు కమిటీ తరఫున మా మాట ఇది. మోటారు బోటు అయితే రిజిస్ట్రేషన్, సర్వే, బీమా కాగితాలు ముందు రోజే వాట్సాప్‌లో తెప్పించుకుంటాం. రాకపోతే ఆ బోటు మాట్లాడం, ఎంత తక్కువకు వచ్చినా సరే. పుట్టి అయితే వేసేవాడు చెప్పిన లెక్క కంటే ఒకరు తక్కువే ఎక్కుతాం. జాకెట్లు మనమే తెస్తాం. పిల్లల సైజువి విడిగా, కిందా పైనా తాళ్లు కట్టుకునేవి. పెద్దవాళ్ల జాకెట్టు పిల్లాడికి వేస్తే నీళ్లలో జాకెట్టు పైకొస్తుంది, పిల్లాడు కిందికి జారతాడు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఇంజిన్ ఆపించాలి, పంకా నీళ్లలోనే తిరుగుతూ ఉంటుంది. డ్యాం దగ్గరో, బెజవాడలోనో స్పీడు బోటు, నీటి స్కూటరు ఎక్కుతామనే కుర్రాళ్లు ఒకటి చూసుకోండి. నడిపేవాడి చేతికో కాలికో కట్టుకునే తాడు ఉంటుంది, అతను పడిపోతే ఇంజిన్ దానంతటదే ఆగేలా. ఆ తాడు హ్యాండిలుకి ఊరికే వేలాడుతుంటే దిగిపోండి.

ఇక చివరిది, పెద్దలతో మాట్లాడి ఖాయం చేసినది. ఆ ఉదయం నారాయణపుర విడుదల ఎంతో కనుక్కుంటాం. ఆ పైన ఒడ్డున పడవవాడు వద్దంటే ఎవరూ బతిమాలకూడదు, డబ్బు ఎక్కువిస్తామని అనకూడదు, సంఘం అధ్యక్షులతో సహా. బస్సు డబ్బులు వెనక్కి రావు, అది ముందే తెలిసి పేర్లు ఇవ్వండి. వంట సామాను ఎలాగూ వెంట ఉంటుంది. ఒడ్డునే ఏటికి దణ్ణం పెట్టుకుని, అవతల గోపురం కనిపించినంత చూసుకుని, చెట్టు కింద పులిహోర పెట్టుకుని చీకటి పడకముందే తిరిగొస్తాం.